మెత్తని పాత చీర

చీరను సగానికి చింపి, ఒక ముక్కను పసిబిడ్డల్ని వెచ్చగా ఉంచే వార్మర్ దీపం కింద పరిచి, రెండోదాన్ని మడతపెట్టి అరలో ఉంచింది సిద్దమ్మ. ఎన్నో ఏళ్లు కట్టి, ఉతికి, వెన్నలా మెత్తబడిన నేత చీర అది. ఇబ్రహీంపట్నం దవాఖాన కాన్పుల గదిలో ఆయాగా ఆమెకు ఇదే ఆఖరి రోజు. మధ్యాహ్నం రెండింటికి డ్యూటీ అయిపోతుంది.

పుట్టకముందే బిడ్డకు బట్టలు కొనకూడదని ఇక్కడివాళ్ల పట్టింపు. చాలామంది చేతులూపుకుంటూ వచ్చేస్తారు. అందుకే పంతొమ్మిదేళ్లుగా సిద్దమ్మ పాత చీరలన్నీ ఈ గదికే చేరాయి, వాటితోపాటు ఒక అబద్ధమూ చేరింది. పిల్లల్లేని మనిషి బట్ట పసిగుడ్డు ఒంటికి తగలనివ్వరు కదా. ఎవరడిగినా తనకిద్దరని చెప్పేది. ఊళ్లో శ్రీమంతాలకు వెనక వరసలో కూర్చోబెట్టిన మనిషిని ఇక్కడ బిడ్డల్ని ఎత్తుకోనిచ్చారు. అది పోగొట్టుకోవడం ఆమె వల్ల కాలేదు, పాపం.

కోహెడ నుంచి వచ్చిన యమున పొద్దున్నుంచీ నొప్పులు పడుతోంది. ఇంతకుముందు రెండు కడుపులు పోయాయి. ఈసారి ఆశపడటానికే భయపడి పాత తువ్వాలైనా తెచ్చుకోలేదు. నర్సు అరుణజ్యోతి బిడ్డ గుండె చప్పుడు చూసినప్పుడల్లా, యమున తన నడుం రాస్తున్న సిద్దమ్మ మొహంలోకే చూసేది.

తోడుగా ఉన్న అత్త రేణుకమ్మ దీపం కింది బట్ట ఎవరిదని అడిగింది. తనదేనంది సిద్దమ్మ.

"నీకు పిల్లలెంతమంది?"

ఇద్దరన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఇద్దర్ని నిజంగా పోగొట్టుకున్న పిల్ల పక్కన నిలబడి, లేని ఇద్దర్ని చెప్పుకోవడానికి మనసొప్పలేదు.

"నాకు పిల్లల్లేరు వదినా. ఒక్క కాన్పు గూడ కాలె."

రేణుకమ్మ మొహం మాడ్చుకుని, బజారుకెళ్లి కొత్త తువ్వాల తెస్తానని లేచింది. సిద్దమ్మ బట్ట తీయబోయింది. చెమటతో తడిసిన చెయ్యి ఆమె కొంగు పట్టుకుంది.

"తియ్యకక్కా," అంది యమున. "నా బిడ్డకు గదే చుట్టు."

రేణుకమ్మ మళ్లీ కూర్చుంది. రెండు దాటినా సిద్దమ్మ కదల్లేదు. మూడుంపావుకు ఆడపిల్ల పుట్టి గట్టిగా ఏడ్చింది. తల్లి రొమ్ము మీద పడుకోబెట్టి వెచ్చని చీర ముక్క కప్పుతుంటే, సిద్దమ్మ కళ్లలో నీళ్లు ఆగలేదు. జారిన అంచును రేణుకమ్మే సర్దింది.

"రేపొస్తవా అక్కా?" అంది యమున.

"లేదు బిడ్డా, నా నౌకరి ఇయ్యాల్టితోని అయిపోయింది. మంచిగుండుండ్రి."

టిఫిన్ డబ్బా సంచిలో వేసుకుని, ఎవరికీ ప్రత్యేకంగా చెప్పకుండానే బస్టాండు వైపు నడిచింది. అరలో రెండో ముక్క అలాగే ఉంది, రేపు పుట్టే బిడ్డ కొలతకు మడతపెట్టి.