రెండు నెలల జీతం

కొత్తాయన తడి దుప్పటి రెండు కొసలూ పట్టుకుని విదిలించి, అంచు సరిచూసి, వేడి రోలర్ల మధ్యకు అందించాడు. అది అవతలివైపు ఆవిరి కక్కుతూ అట్టలా బిగిసి బయటికి వచ్చింది. అక్కడ నిలబడ్డ పెద్దక్క దాన్ని అందుకుని నాలుగు మడతలు వేసి పక్కన పడేసింది. ఆ ఆసుపత్రి లాండ్రీలో రోజుకు ఆరువందల దుప్పట్లు అలా వెళ్ళి ఇలా రావాలి.

యాభై ఆరేళ్ళ మనిషిని పట్టుకుని కొత్తాయన అనడం ఒక రకంగా నవ్వులాటే. ఇరవై తొమ్మిదేళ్ళు ఒకే అచ్చాఫీసులో పుస్తకాల కాగితాలు మడతపెట్టాడు. అది మూతపడ్డాక, ఏడు వారాల కిందట ఇక్కడ చేరాడు. బక్కపలచటి మనిషి. మెడ కింది ఎముకల గుంటల్లో చెమట నిలిచేది. ఎవరైనా పలకరిస్తే ముందు గొంతు సవరించుకుని, అప్పుడు జవాబు చెప్పేవాడు.

"ఇవాళ జీతాలు పడే రోజు. మొహంలో కళ ఏదండీ?" అంది పెద్దక్క రోలర్ల చప్పుడు మీదుగా. "రెండు నెలలది ఒక్కసారే వస్తోంది. ఇక మాలాంటివాళ్ళు కంటికి ఆనతారా?"

"ముందు చేతికి రానివ్వు తల్లీ."

ఆయన ఇరవయ్యో తేదీన చేరాడు. జీతాల జాబితా పద్దెనిమిదిన మూసేస్తారట. అందుకని మొదటి జీతం రెండో జీతంతో కలిపి వేస్తామన్నారు. సరేనన్నాడు. కాదంటే వినేదెవరు?

ఆలస్యాన్ని దేనితోనైనా నెట్టుకురావచ్చు గానీ మాత్రలతో కుదరదు. ఐదు నెలల కిందట గుండె నాళంలో సన్నటి గొట్టం వేశారు. ఏడాదిపాటు ఒక్క పూట కూడా మాత్ర మానకూడదని డాక్టరు రెండుసార్లు చెప్పాడు. జీతం వచ్చేదాకా సాగదీయాలని కొత్తాయన బ్లేడుతో మాత్రను రెండు ముక్కలు చేశాడు. అసలు లేకపోవడం కంటే సగం నయం కదా అనుకున్నాడు. తరవాత ఆ సగాన్ని రోజు విడిచి రోజు వేసుకున్నాడు. నాలుగు రోజులుగా అదీ లేదు. ఇంట్లో కూతురికి ఈ సంగతి తెలియదు. ఆమెకు మూడు నెలల పసిగుడ్డుతోనే సరిపోతోంది. అల్లుడు వేరే ఊళ్ళో పని వెతుక్కుంటున్నాడు.

పది గంటలకు దవడ లాగింది. పుచ్చుపన్నేమో అనుకున్నాడు. పదకొండింటికి ఎడమ మోచేయి బరువెక్కింది. తడి గుడ్డలు ఎత్తితే అలాగే ఉంటుందనుకున్నాడు. ఒంటికి సర్దిచెప్పడం ఆయనకు కొత్త కాదు.

మధ్యాహ్నం జీతం పడినట్టు ఫోనులో సందేశం వచ్చింది. చేతితొడుగులు విప్పి, చేయి చాపి, ఫోను దూరంగా పట్టుకుని చదివాడు. మళ్ళీ చదివాడు. చేతులు తుడుచుకుని జీతాల గుమాస్తా గదికి వెళ్ళాడు.

"బాబూ, నా జీతం ఏదో తక్కువ పడినట్టుంది."

గుమాస్తా కుర్రతనం పోని మనిషి, మర్యాదస్తుడు. కుర్చీ చూపించాడు. "తప్పు కాదండీ. రెండు నెలలది ఒకే నెలలో పడింది కదా. మీరు ప్రతి నెలా ఇంత సంపాదిస్తారనుకుని కంప్యూటరు పన్ను కోసేసింది."

"నేనంత సంపాదించట్లేదు కదయ్యా."

"అది మీకు తెలుసు, నాకు తెలుసు. దానికి తెలీదు. పాత ఆఫీసులో మీ జీతమెంతో రాసిన కాగితం తెమ్మన్నాను, తెచ్చారా?"

"అక్కడ తాళం వేసుంది. ఓనరు ఫోనెత్తట్లేదు."

"మీ డబ్బు ఎక్కడికీ పోదండీ. వచ్చే నెల కొంత సర్దుకుంటుంది. మిగతాది ఏడాది ఆఖర్న అడిగి తెచ్చుకోవచ్చు."

కొత్తాయన వేళ్ళ కణుపుల మీద నెలలు లెక్కపెట్టాడు. ఏడు.

"మరీ ఇబ్బందైతే చెప్పండి," అన్నాడు గుమాస్తా. "అడ్వాన్సుకి రాసిస్తాను."

కొత్తాయన గొంతు సవరించుకున్నాడు. చేరి రెండు నెలలైనా కాలేదు, అప్పుడే చేయి చాచడమా? "ఎందుకులే బాబూ. సర్దుకుంటాను," అని లేచాడు.

వరండాలోనే నిలబడి రెండు నెలల అద్దె పంపేశాడు. సాయంత్రంలోగా ఇవ్వకపోతే సామాను బయట పెడతానని ఇంటాయన నిన్న గుమ్మంలో నిలబడి మరీ చెప్పి వెళ్ళాడు, కూతురి ఎదుటే. పాలడబ్బాకు, బస్సుకు పోగా మిగిలినవి చిల్లర. కోసిన పన్నూ, మాత్రల ఖరీదూ ఇంచుమించు ఒకటే. మందుల కొట్టు గోడకు అవతలే ఉంది. అందులోంచి ఎవరో మందుల సంచీ ఊపుకుంటూ బయటికి వచ్చారు.

ఫోను మోగింది.

"నాన్నా, డబ్బులు పడ్డాయా?" వెనక పాప ఏడుస్తోంది.

"పడ్డాయమ్మా."

"ముందు మాత్రలు కొనుక్కో. తరవాతే ఏదైనా."

"కొన్నానమ్మా. జేబులోనే ఉన్నాయి. పాపకి గాలి తగలనీ, దుప్పటి అంతలా కప్పకు."

"నీకెప్పుడూ పాప ధ్యాసే. తొందరగా రా."

"ఇదిగో, బయల్దేరుతున్నా."

ఇంకా నూటముప్పై దుప్పట్లున్నాయి. అన్నీ పూర్తిచేశాడు. ఆఖరివాటి అంచులు వంకరపోయాయి. పెద్దక్క వాటిని లాగి సరిచేసి మడతపెట్టింది. ఆయన మొహం అప్పటికే తడిసిన సున్నంగోడలా ఉంది.

"ఒంట్లో బాగాలేదా? పదండి, ఆసుపత్రిలోనే కదా ఉన్నాం, చూపిద్దాం," అంది చెప్పులు వేసుకుంటూ.

"చూపిస్తే వాళ్ళు అడిగేది ఆ మాత్రల గురించే," అన్నాడాయన. ఆమెకు అర్థం కాలేదు. "ఏం లేదమ్మా, వేడి. కాస్త కూర్చుని వస్తాను. నీ బస్సు పోతుంది, నువ్వెళ్ళు."

ఆమె రెండడుగులు వేసి వెనక్కి చూసింది. ఆయన బల్ల మీద కూర్చుని, గోడకు తల ఆనించి, వెళ్ళమన్నట్టు చేయి ఊపాడు. ఆమె వెళ్ళింది.

ఊడ్చే మనిషి వచ్చేసరికి ఆరు దాటింది. కాళ్ళు పక్కకు పెట్టుకోమని రెండుసార్లు అడిగి, భుజం తట్టింది; ఒళ్ళు చల్లగా తగిలింది. ఆయన జేబులో ఫోను మోగుతోంది. ఆగి మళ్ళీ మోగుతోంది. మూడోసారి ఆమే తీసి చెవికి ఆనించుకుంది. "నాన్నా, ఎక్కడున్నావు?" అంది అవతల కూతురు.

మర్నాడు పెద్దక్క రోలర్ల దగ్గరికి వచ్చేసరికి వేడిగొట్టం మీద ఆయన ఆరేసి వెళ్ళిన చేతితొడుగులు బిర్రుగా ఎండి ఉన్నాయి, దేన్నో పట్టుకున్నట్టు వేళ్ళు ఇంకా వంగే ఉన్నాయి.