ఆర్వో తాత సౌనాలో నురుగు పీపాలు

ఆగండాగండి, పని పక్కన పెట్టి ఇది వినండి!

మా అక్క రైలీకి నెలలు నిండకుండానే పాప పుట్టింది. సోమవారం ఇంటికి తీసుకెళ్లచ్చు, కానీ గది వెచ్చగా ఉండాలి అన్నాడు డాక్టరు. ఆ గదేమో అటక కింద. మా ఉత్తర మిన్నెసోటాలో జనవరి చలికి ఆ అటకలో తల పెడితే, పైకప్పు చెక్కల్లోంచి పొడుచుకొచ్చిన ప్రతి మేకు మొనకీ మంచే! ఇంట్లో వేడంతా పైకి పోయి కప్పు మీది మంచు కరిగిపోతోంది. మా ఊళ్లో కప్పు మీద మంచు నిలవని ఇంటిని చూసి నవ్వుతారు.

అందుకే శనివారం పొద్దున్నే డార్లా వచ్చింది, వేడి పైకి పోకుండా అటకలో నురుగు కొట్టడానికి. రెండు పీపాల్లో రెండు ద్రవాలు. గొట్టం చివర కలిసి, చెక్కకి తగలగానే పొంగి, గట్టిపడి, సందులన్నీ మూసేస్తాయి. కొట్టాక ఒక రోజంతా ఇంట్లో ఎవరూ ఉండకూడదు. కాబట్టి ఆ రోజే అయిపోవాలి. తీరా చూస్తే దారిలో డార్లా బండి హీటరు చచ్చింది. పీపాలు చల్లబడిపోయాయి.

"చల్లటిది కొడితే సరిగ్గా పొంగదు, కంపు కూడా పోదు. బుధవారం వస్తా," అంది.

"బుధవారమా! సోమవారం పాప వస్తోందమ్మా తల్లీ!" మా బావ వెస్ గొంతు కీచుమంది. "పీపాలు మా ఇంట్లో పెడితే?"

"మీ ఇంట్లోనా? రేపటిక్కూడా వేడెక్కవు."

కంచె అవతల పక్కింటి ఆర్వో తాత పారతో మంచు తీస్తున్నాడు.

"ఏం పిల్లా, ఏంటా గోల?"

చెప్పాను.

"దానికింత ఏడుపెందుకు? నా సౌనాలోకి పట్రండి."

సౌనా అంటే ఆయన పెరట్లో కట్టెల పొయ్యితో కాగే ఆవిరి స్నానాల గది. శనివారం సౌనా స్నానం ఆయన జ్వరమొచ్చినా మానడు! చేపల వేటకి వాడే, మంచు మీద జారే స్లెడ్డు బండి మీద పీపాలు లాక్కెళ్లాం.

"గోరువెచ్చగా చాలు తాతా," అంది డార్లా.

"నాకా చెప్తున్నావు? నేను పుట్టిందే సౌనాలో."

కాసేపటికి డార్లా కేక. "తాతా! ఎన్ని కట్టెలు కుక్కావు? పీపాలు పేలతాయి!"

చేతి అలవాటు మరి! తలుపు వేలెడు సందు ఉంచినా మమ్మల్ని చిన్నప్పట్నుంచీ తిట్టే మనిషి, ఆ తలుపు బార్లా తీశాడు. మంచి బిర్చి కట్టెల వేడంతా పెరట్లోకి పోతోంది. ఆయన థర్మామీటరు చూస్తూ, తలుపు కాస్త మూస్తూ, కాస్త తీస్తూ చలిలో నిలబడ్డాడు.

"మరి నీ స్నానం తాతా?"

"నోర్మూసుకో. పాప ముందు."

చీకటి పడేలోపు డార్లా కొట్టిన నురుగు అటకంతా పులిసిన పిండిలా పొంగింది. ఆ రాత్రి ఆయనింట్లోనే పడుకున్నాం. సోమవారం పాప వచ్చింది. ఇప్పుడు చేతులకి తొడుగులు కూడా లేకుండా, పిడికిళ్లు విప్పి నిద్రపోతోంది. మా కప్పు మీద మంచు మందంగా, కదలకుండా ఉంది. అది చూసినప్పుడల్లా నాకు కళ్లు చెమరుస్తాయి.

తాత ఇంటి కప్పు మాత్రం బోడి. అందుకే అందరం కలిసి వెళ్లి, "నీ అటకకీ మేం నురుగు కొట్టిస్తాం," అన్నాం.

"వద్దు."

"ఎందుకు తాతా?"

"పైన ఉడత ఉంది. దొంగముండ, రోజూ తిడతాను. చలికాలంలో దాన్నెక్కడికి పొమ్మంటావు?"

ఆ సాయంత్రం ఆయన స్వెట్టరు మీద స్వెట్టరు వేసుకుని కాఫీ తాగుతూ కనిపించాడు. పైన టకటకా పరుగులు. ఆయన పైకి చూసి ఓ తిట్టు తిట్టి, నవ్వుకున్నాడు.

ఆయనకి మేం వెచ్చదనం బాకీ. ఆయనేమో దాన్ని ఉడతకి ఇచ్చేస్తున్నాడు. మీరైతే ఏం చేస్తారు?