చెప్పులో పెట్టిన గడియారం

నేను ఒక గడియారాన్ని. అనగానే మెడ చాచి టైమెంతయిందని అడక్కండి, చెప్పను. ఆ ముక్క చెప్పడానికి మీ జేబుల్లో ఫోన్లున్నాయి కదా. నా దగ్గరికొచ్చారంటే మీకు కావలసింది టైము కాదు, కథ. కూర్చోండి. కూర్చోకపోయినా నాకు పోయేదేం లేదు.

మామూలు గడియారాన్ని కూడా కాను. సముద్రంలో మునిగి పనిచేసేవాళ్ళ కోసం పుట్టినవాణ్ణి. నా మొహం చుట్టూ ఒక చక్రం ఉంటుంది, దానిమీద ఒక చుక్క. దూకేముందు ఆ చుక్కని నిమిషాల ముల్లుకి ఎదురుగా తిప్పి పెట్టుకుంటే, దిగి ఎంతసేపయిందో చుక్కకీ ముల్లుకీ మధ్య ఎడమే చెబుతుంది. నేను కొట్టబోయే గొప్పలన్నీ మర్చిపోయినా పరవాలేదు, ఈ చక్రాన్ని మాత్రం గుర్తుంచుకోండి.

మొన్న దసరా ముందర నా బతుకు విశాఖపట్నంలో ఒక పళ్ళ డాక్టరు అద్దం ముందు వేలాడింది. పేరు భమిడి మురహరి. ఆయన దగ్గర నీటి గడియారాలు రెండు. ఒకణ్ణి నేను, వయసు యాభై దాటింది. రెండోవాడు కిందటేడు కొన్న కొత్తవాడు. మొహం పళ్ళెమంత ఉంటుంది కాబట్టి నేను వాణ్ణి పళ్ళెంగాడు అంటాను. ఇద్దరిలో ఒకణ్ణే రోజూ పెట్టుకుంటాననీ, రెండోవాణ్ణి విజయదశమి నాటికి అమ్మేస్తాననీ డాక్టరు తన గడియారాల పిచ్చివాళ్ళ గ్రూపులో ప్రకటించాడు. రోజూ అంటే ఆదివారం కూడా. ఆదివారాలు ఆయన రుషికొండ దగ్గర సముద్రంలో మునగడం నేర్చుకుంటున్నాడు. నలభై ఆరేళ్ళొచ్చాక పుట్టిన సరదా.

పొద్దున్నే అద్దం ముందు నిలబడి ఎడమచేతికి నన్నూ కుడిచేతికి వాణ్ణీ పెట్టుకుని చూసుకునేవాడు. ఇల్లాలు విశాల కాఫీ పట్టుకొచ్చి, "ఏవండీ, కాళ్ళు కూడా ఖాళీగానే ఉన్నాయి, ఇంకో రెండు కొనకపోయారా?" అనేది.

"నీకు తెలీదు విశాలా, ఇది చరిత్ర. అది ఇంజనీరింగు."

"సరే గానీ, ఇప్పుడు టైమెంత?"

ఆయన జేబులోంచి ఫోను తీసి చూసి చెప్పేవాడు.

ఇంకోటి వినండి. నా అంకెలమీద పూసిన వెలుగు మందు ఏళ్ళకేళ్ళకి మీగడ రంగుకొచ్చి, తర్వాత పసుపెక్కింది. డాక్టరు దానికి పాటినా అని పేరు పెట్టి మురిసిపోతాడు. ఎవరైనా తుడవబోతే చెయ్యి విరిచేంత పని చేస్తాడు. అదే మనిషి రోజుకి పాతికమంది నోళ్ళు తెరిపించి పసుపు రంగు గీకి పారేసి ఫీజు పుచ్చుకుంటాడు!

పళ్ళెంగాడి అద్దం మీద గీత పడదు. వాడి చక్రం పింగాణీ, రంగు వెలవదు. వాడి పొట్టలో ఒక కవాటం, అది దేనికో వాడికీ తెలీదు, కొన్నవాడికీ తెలీదు. ఎంత లోతుకైనా వెళ్ళగలనని వీపుమీద రాయించుకున్నాడు. రాయించుకుంటే సరా? నేను రాయించుకోలేదు, వెళ్ళాను.

నా పుట్టుక స్విట్జర్లాండు. నా గుండెకాయ బిగించిన ముసలాయన చెయ్యి వణక్కూడదని పొద్దున్న ఊపిరి బిగపట్టి, సాయంత్రం ఇంటికెళ్ళి వదిలాడట. నన్నొక నార్వే ఓడ ఇంజనీరు కొనుక్కున్నాడు. డెబ్బై నాలుగులో ఆ ఓడ విశాఖ రేవు బయట ఆగిపోయింది. నీళ్ళలో ఓడని నడిపే పంకాకి నైలాను తాడు చుట్టుకుంది. పెద జాలారిపేట నుంచి ఒక కుర్ర డైవరు వచ్చాడు, గనగళ్ళ కొర్లయ్య. నోట్లో గాలి గొట్టం, చేతిలో చేపల కత్తి, అంతే. మూడు గంటలు కోశాడు. ఆ తాడంతా విప్పి పరిస్తే భీమిలిదాకా వెళ్ళి తిరిగొచ్చేదని చెప్పుకున్నారు. ఇంజనీరు తన చేతినున్న నన్ను విప్పి కుర్రాడి చేతికి కట్టాడు. ఆ చెయ్యి ఉప్పు వాసన వేసింది. నాకు నచ్చింది. ఆ మాట ఆ తర్వాత ఏ చేతి గురించీ అనలేదు.

అయిదేళ్ళు తిరిగాం. ఒకసారి పట్టీ తెగి నీళ్ళలో పడితే నన్నొక బొంత చేప మింగింది. మూడు రోజులు దాని కడుపులో ఉన్నాను. చెయ్యి కదిలితే నడిచే రకాన్ని నేను, చేప ఈదుతూ ఉంది, నేను నడుస్తూ ఉన్నాను. నాలుగోనాడు బజారులో చేపలమ్మే ఆవిడ కత్తిపీట మీద కోస్తే బయటపడి, ఆవిడ అడగకముందే తొమ్మిదింపావు చూపించాను. నమ్మకపోతే మానేయండి. ఆ చేప తలకాయ పులుసు తిన్నవాళ్ళు ఇంకా బతికే ఉన్నారు.

ఇప్పుడు చెప్పబోయేది మాత్రం కోత కాదు. అబద్ధమైతే బాగుణ్ణు.

కొర్లయ్య గుంపులో గడియారం ఉన్నది అతనొక్కడికే. పైన బోటులో తాడు పట్టుకునే బావమరిదికి గడియారం లేదు. దిగినవాడు తాడు లాగితే లాగుతాడు, లేకపోతే బీడీ కాలుస్తాడు. అందరి ప్రాణానికీ లెక్క నేనే. నా చక్రం అటూ తిరిగేది, ఇటూ తిరిగేది, ఆ కాలంలో మా వాళ్ళలో చాలామంది అంతే. అయితే ఉప్పు పట్టి బిగుసుకుపోయి ఉండేవాణ్ణి. రెండు వేళ్ళతో నొక్కి పట్టి తిప్పితే తప్ప కదిలేవాణ్ణి కాదు. ఆ బిగుతే మాకు శ్రీరామరక్ష అని అతనికీ తెలీదు, నాకూ తెలీదు.

విజయదశమి నాడు జాలర్లు బోటుకీ, వలకీ, ఇంజనుకీ పూజ చేస్తారు. కొర్లయ్య ఆ ఏడు తన కత్తీ, కళ్ళద్దం, గాలి గొట్టం వరసగా పరిచి, వాటి మధ్యన పీటమీద నన్ను కూర్చోబెట్టాడు. బ్రష్షు పెట్టి నా సందుల్లో ఉప్పంతా తోమాడు. నువ్వుల నూనె బొట్టు బొట్టుగా వేసి చక్రం చుట్టూ రాశాడు. కుంకం పెట్టాడు. నిమ్మకాయ తిప్పాడు. నా జన్మలో అంత మర్యాద నాకెవరూ చెయ్యలేదు. మరునాడు నా చక్రం వెన్నలా తిరిగింది.

ఆ మరునాడే ఓడల్ని లాగే టగ్గు పడవ ఒకటి మునిగిపోతే దానికి కొక్కేలు తగిలించే పని. పద్దెనిమిది బారల లోతు. అక్కడ ఇరవై నిమిషాలు దాటితే పైకి తిన్నగా రాకూడదు, వస్తే నెత్తుట్లో గాలి బుడగలు లేచి మనిషి పడిపోతాడు. కొర్లయ్య చుక్క పెట్టుకుని దిగాడు. టగ్గు కిటికీలోంచి చెయ్యి దూర్చాడు. ఇనుప అంచుకి నా చక్రం రాసుకుని ముల్లు నడిచేవైపు జారింది. పదిహేను నిమిషాలు మింగేసింది. ముల్లు నాదే, చక్రమూ నాదే. నిజం లోపల తిరుగుతోంది, అబద్ధం బయట కూర్చుంది. అతను నన్ను చూశాడు, పద్దెనిమిది అన్నాను. అసలు ముప్పై మూడు. నిశ్చింతగా తిన్నగా పైకొచ్చేశాడు. బోటెక్కి బీడీ అడిగాడు. బావమరిది వెలిగించి ఇచ్చేలోపు కుడికాలు పడిపోయింది.

మళ్ళీ లేవలేదు ఆ కాలు. మనిషి లేచాడు, కర్ర మీద.

నన్ను పూర్ణా మార్కెట్లో గడియారాలు బాగుచేసే గఫూర్ సాయిబు సొరుగులో పడేసి వెళ్ళాడు. ఆ సొరుగులో నలభై ఏళ్ళకి పైగా పడున్నాను. తప్పు నూనెది, నాది కాదు అని అన్నేళ్ళూ నాకు నేనే వాదించుకున్నాను. ఎదుటి లాయరు లేడు కాబట్టి ప్రతిసారీ నేనే గెలిచాను. చివరికి సాయిబు నన్ను శుభ్రంగా విప్పి, కడిగి, కొత్త నూనె వేసి, "ఇది నేవీ కమాండరు గారి గడియారం సార్" అని డాక్టరుకి అమ్మాడు. చక్రం మళ్ళీ వెన్నే.

అంటే మీకర్థమైంది కదా? డాక్టరు నన్ను ఎంచుకుంటే ఆదివారం నాతో నీళ్ళలోకి దిగుతాడు. నేర్పేవాళ్ళు చేతికి ఏదో కంప్యూటరు ఇస్తామంటే, "పాతవాళ్ళలాగ చక్రం చూసుకునే దిగుతాను" అని బడాయికి పోయాడు. ఇదంతా వింటూ నేను నోరు మెదపలేదు. గడియారానికి నోరెక్కడిది అంటారా? ఆగిపోవచ్చు కదా. ముల్లు రాల్చుకోవచ్చు కదా. అద్దం లోపల చెమ్మ పట్టించుకోవచ్చు కదా. ఏదీ చెయ్యలేదు. నిగనిగలాడుతూ కూర్చున్నాను. పళ్ళెంగాణ్ణి అమ్మేస్తే చూడాలని ఉంది నాకు. అంత కుళ్ళు.

దసరా రెండు రోజులుందనగా గ్రూపులో ఎవడో డాక్టర్ని రెచ్చగొట్టాడు, మీ కమాండరు ఫోటో ఏదీ అని. డాక్టరు సాయిబు మీదికి వెళ్తే, సాయిబు గడ్డం గోక్కుని, "కమాండరు కాదు సార్, జాలారిపేట కొర్లయ్య. బతికే ఉన్నాడు" అన్నాడు. డాక్టరు ఇంకా పొంగిపోయాడు. పాత యజమానే! ఆయన చేతికి నన్ను పెట్టి ఫోటో తీస్తే నాకు తిరుగుండదు. పళ్ళెంగాణ్ణి చేతికి పెట్టుకుని, నన్ను మఖమల్ పెట్టెలో పెట్టుకుని, విశాలని తీసుకుని పొద్దున్నే బయల్దేరాడు.

కొర్లయ్య ఒడ్డున బోర్లించిన ఫైబరు బోటు పక్కన, చెక్కపెట్టె మీద కూర్చుని ఉన్నాడు. డెబ్బై దాటాయి. కొబ్బరి చిప్పలో లప్పం కలిపి బోటు పగుళ్ళు పూడుస్తున్నాడు. డాక్టరు పెట్టె తెరిచాడు. నా గుండె ఆగిపోయింది అని రాయాలి ఇక్కడ. రెండు రోజులై నన్ను పెట్టెలోంచి తియ్యలేదు, అది ముందే ఆగి ఉంది.

"ఈడెక్కడ దొరికినాడు బాబూ మీకు?"

"గుర్తుపట్టారా?"

"కాలట్టుకెల్లినోణ్ణి గురుతుపట్నా?"

డాక్టరు ఫోటో కోసం ఎత్తిన ఫోను దించాడు. కొర్లయ్య నన్ను అరచేతిలో పెట్టుకుని ఉన్నదున్నట్టు చెప్పాడు. టగ్గు, కిటికీ, పద్దెనిమిది, ముప్పై మూడు. నేను కాచుకుని ఉన్నాను. ఇప్పుడు తిడతాడు, ఇప్పుడు బండమీద కొడతాడు. నా వాదన సిద్ధంగా ఉంది, నూనె, నూనె.

"ఈడి తప్పు నేదు బాబూ. ఉప్పట్టి బిగిసీసి సక్కగున్నాడు. నానే నూనె రాసి, బొట్టెట్టి, ముద్దు సేసి పాడుసేసినాను."

నలభై ఏళ్ళు నూరుకున్న వాదన. ఒక్క ముక్కలో నా చేతిలోంచి లాగేసుకున్నాడు ముసలాడు. అంత కోపం నాకెప్పుడూ రాలేదు. ఎవరిమీదో మాత్రం తెలీలేదు.

విశాల మెల్లగా అంది. "ఈయన ఆదివారం దీన్నే పెట్టుకుని దిగుతారట తాతా."

"ఏటీ!" కొర్లయ్య డాక్టరు చేతివైపు చూశాడు. "ఆడెవుడు?"

డాక్టరు పళ్ళెంగాణ్ణి విప్పి ఇచ్చాడు. కొర్లయ్య వాడి చక్రం తిప్పాడు. టిక్, టిక్, టిక్. ముల్లుకి ఎదురువైపు తిరిగింది. రెండోవైపు తిప్పబోయాడు. తిరగలేదు. బలంగా తిప్పాడు. ఊహూఁ.

"ఒలమ్మ! ఎనక్కి రాడేటి ఈడు?"

"రాడు. ఇప్పుడన్నీ ఒకవైపే తిరుగుతాయి. దేనికైనా తగిలి జారినా, గడిచిన టైము ఎక్కువే చూపిస్తుంది గానీ తక్కువ చూపించదు. మనిషి ముందే పైకొచ్చేస్తాడు," అన్నాడు డాక్టరు. చెబుతూ చెబుతూ ఉండగానే ఆయన మొహం మారింది. తను చెప్పేది తనకే అప్పుడు అర్థమైనట్టుంది.

కొర్లయ్య ఆ చక్రాన్ని ఒక్కొక్క టిక్కూ తిప్పుకుంటూ చుట్టూ తిప్పి మొదటికి తెచ్చాడు. మళ్ళీ ఇంకో చుట్టు. ఆ చప్పుడు వింటూ అతని ఎదురుగా ఉండాల్సి వచ్చింది నాకు. పళ్ళెంగాడు కూడా ఆ పూట గొప్పలు పోలేదు, అదింకా మంట.

తర్వాత వాణ్ణి డాక్టరుకిచ్చేసి నన్ను తీసుకున్నాడు. చుక్కని పన్నెండు దగ్గర పెట్టాడు. చిప్పలోంచి లప్పం బొటనవేలితో తీసి నా చక్రం చుట్టూ ఒత్తడం మొదలెట్టాడు.

"అయ్యయ్యో! ఏమిటది! పాటినా! ఒరిజినల్ పీసు అది!" డాక్టరు ఇసకలో గెంతాడు.

"ఉండండి బాబూ, కదిలితే సక్కగ రాదు." చుట్టూ పూర్తిచేసి, వేలు తడిచేసి నున్నగా రాశాడు. "ఇంక తిరగడు. ఒడ్డుమీద ఎన్నేల్లయినా ఎట్టుకోండి. నీల్లలోకి మాత్రం ఆ ఎనక్కి రానోణ్ణట్టుకెల్లండి."

విశాల కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. "పన్నులో కన్నం పూడ్చినట్టే పూడ్చాడండీ. మీకంటే బాగా!"

ఇంటికెళ్ళాక డాక్టరు నా ఫోటో గ్రూపులో పెడితే సంతాపాలు వచ్చాయి. ఇంక నన్ను కొనే మొగాడు లేడు. ఎవరూ కొననివాణ్ణి రోజూ పెట్టుకోవడానికి భయమేముంది? అలా నేను నెగ్గాను. ఇప్పుడు రోజూ ఆయన చేతినే ఉంటాను, నోళ్ళు తెరిచి చూస్తున్న పేషెంట్లు నా లప్పం కేసి అనుమానంగా చూస్తారు. నేనూ వాళ్ళ పళ్ళకేసి అలాగే చూస్తాను.

పళ్ళెంగాణ్ణి అమ్మలేదు. వాడు ఆదివారం మనిషి.

ఆదివారం రుషికొండ ఇసకలో డాక్టరు నన్ను విప్పి తన చెప్పులో పెడతాడు. ఒకప్పుడు పీటమీద కూర్చున్నవాణ్ణి, బొట్టు పెట్టించుకున్నవాణ్ణి, చెప్పులో. పళ్ళెంగాడు ఆయన చేతినెక్కి నీళ్ళలోకి వెళ్ళిపోతాడు. వాడంటే నాకు ఇప్పటికీ పడదు, ఎప్పటికీ పడదు. చెప్పులోంచి సముద్రం కేసి చూస్తూ కూర్చుంటాను. చక్రం తిరగదు కాబట్టి ముల్లు మీదే లెక్క. పదయింది. పదిహేనయింది. పద్దెనిమిది. ఆ అంకె దగ్గర నాకు నమ్మకం ఉండదు, మళ్ళీ మొదట్నుంచి చూసుకుంటాను. పంతొమ్మిది. రారా పళ్ళెంగా, తీసుకురా ఆయన్ని.

నల్లటి తలకాయ నీళ్ళమీద తేలుతుంది. హమ్మయ్య అనుకుంటాను.

వాడు ఒడ్డెక్కాక మాత్రం పలకరించను.