మూడో ఓటు

"ఆ మూడో ఓటు మనింట్లోదే" అన్నాడు బుజ్జిబాబు, అంబలి గిన్నె ముందుకు తోస్తూ.

రమణి వినిపించుకోనట్టే ఇంకో గరిటె పోసింది. వడ్డించే ఆడదానికి చెవులుండవని ఆ ఇంటి మగవాళ్ళ నమ్మకం. ఆ నమ్మకాన్ని ఆమె ఇంతవరకూ చెడగొట్టలేదు. బుజ్జిబాబు ఆమెకు బావ, భర్త రవిబాబుకి అన్న. నిన్ననే పంచాయతీ ఎన్నికల్లో వార్డు మెంబరుగా గెలిచాడు. పోలైన ఓట్లు యాభై తొమ్మిది. అతనికి యాభై ఆరు వచ్చాయి, అతని మీద నిలబడిన రత్నకి మూడు. అంత మెజారిటీ వచ్చినవాడు మేకను కోసి ఊరికి భోజనం పెట్టుకోవాలి. ఇతను మాత్రం నిన్న సాయంత్రం నుంచీ ఆ మూడింటినే పట్టుకుని వేలాడుతున్నాడు. ఒకటి రత్న తనకు తాను వేసుకున్నది. రెండోది, నామినేషన్ కాగితం మీద ఆమె పేరు ప్రతిపాదిస్తూ వేలిముద్ర వేసిన మేనమామ బుధుది. మరి మూడోది? అరకు పైన కొండ మీద ఇరవై రెండు గడపల ఊరు అది. ఎవరి కోడి ఎవరి పెరట్లో గుడ్డు పెట్టిందో కూడా తెలిసిపోయే చోట ఒక ఓటు ఎవరిదో తేలకపోవడం అతనికి మింగుడుపడటం లేదు.

"అందరింటికీ ఎల్లి అడిగొచ్చినాను. మాది కాదంటే మాది కాదన్నారు. మీ ఇంట్లో రాజకీయాలు సదివే గుంట ఉంది కదా, ముందు దాన్నడగమన్నారు. నా పరువేటవ్వాల?"

రాజకీయాలు చదవడం కాదు, పొలిటికల్ సైన్స్. అరకులో బీఏ మూడో సంవత్సరం. ఆ తేడా చెప్పడం రమణి ఎప్పుడో మానేసింది. పెళ్ళయ్యాక కూడా చదివిస్తామన్నారు, చదివిస్తున్నారు, ఆ మాటకొస్తే అబద్ధమాడలేదు. "సదువుకో. పని ఆగకపోతే సాలు" అంది అత్త మొదటిరోజే. పని ఆగకుండా ఉండాలంటే రమణి నాలుగింటికి లేవాలి. ఊట దగ్గరికి రెండుసార్లు వెళ్ళి నీళ్ళు తేవాలి, పొయ్యి వెలిగించాలి, ఎండబెట్టిన కాఫీ పండ్లు తిరగెయ్యాలి, ఆ తర్వాత భర్త నడిపే సర్వీసు జీపులో వెనక సీట్లో, ఎవరో ఒకరి మూటలు ఒళ్ళో పెట్టుకుని కాలేజీకి దిగాలి. సొంత మొగుడి జీపే కదా అని ముందు సీట్లో కూర్చోబోతే, అది పాసింజర్లకి అన్నాడు రవిబాబు, ఏ కోపమూ లేకుండా. సాయంత్రం వచ్చాక చదువుకోవడానికి దొరికేది తోటికోడలు బేబి అంబలికి చోళ్ళు చెరిగే కాసేపే. అప్పుడే పుస్తకం తెరిచి పైకి చదివేది. మనసులో చదివితే నిద్ర ముంచుకొస్తుంది. పైకి చదివితే కనీసం బేబి చేట చప్పుడుకైనా తోడుగా ఉంటుంది.

ఇప్పుడు ఆ చదువు మీదికే వచ్చింది. సోమవారం నుంచి పరీక్షలు.

రమణి మామ ఫల్గుణ మూతి తుడుచుకుని తీర్పు చెప్పాడు. "గొడవెందుకు? రేపు ఉదయం శంకుదేవుడి కాడ మనింటి ఆడోళ్ళు ముగ్గురూ పసుపు బియ్యం సేత్తో పట్టుకుని, ఏయలేదని సెప్తారు. ఎవులు సెప్పలేకపోతే ఆళ్ళదే ఓటు. అది రమణిదే అయితే సదువు ఆపేత్తాం. ఇంకోళ్ళదయితే పుట్టింటికి పంపేత్తాం."

మగవాళ్ళు బియ్యం పట్టుకోవాలా అని ఎవరూ అడగలేదు. అడగాలని ఎవరికీ తోచలేదు కూడా. ఊరి దేవుడు శంకుదేవుడి ముందు అబద్ధమాడితే కడుపున పుట్టినవాళ్ళు దక్కరని ఆ ఇంట్లో అందరి భయం. బేబికి ఇద్దరు పిల్లలు.

మధ్యాహ్నం రవిబాబు జీపు కడుగుతుంటే రమణి నీళ్ళు అందించింది. అతను చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. మంచివాడే, ఆమె మీద ఎప్పుడూ చెయ్యెత్తలేదు.

"నువ్వెందుకే బెంగెట్టుకుంటావు? నువ్వేయలేదని నాకు తెల్సు. నీకంత దైర్యం ఏదీ? రేపు ఆ ఒక్క మాటా అనేసి బేగి వచ్చెయ్యి. సోమవారం నానే దింపుతాను, ముందు సీట్లోనే కూకుందువుగాని."

అతను ఆమెను కాపాడుతున్నాననుకున్నాడు. ఆమెకేమో ఆ బకెట్ నీళ్ళు అతని మీదే కుమ్మరించాలనిపించింది. ఎందుకంటే అతను చెప్పింది నిజం.

రత్న నామినేషన్ కాగితాలు నింపింది రమణే. భర్త పోయాక రత్న ఎవరినీ ఏమీ అడగలేదు. ఎన్నికల్లో నిలబడినప్పుడు కూడా ఊట దగ్గర బిందెలు దించుకున్న పదకొండు మంది ఆడవాళ్ళని ఒకే ఒక్క మాట అడిగింది. కింది వీధి దాకా వచ్చి ఆగిపోయిన కుళాయి పైప్ పై వీధికి వేయిస్తాను, నాకు ఓటు వేస్తారా? అందరూ వేస్తామన్నారు. రమణి అందరికంటే గట్టిగా అంది. బుజ్జిబాబుకి కుళాయి తొందరేమీ లేదు. పై వీధిలో అతని ఇల్లూ ఉంది గానీ బిందె అతని నెత్తి మీద లేదు. పొయ్యి దగ్గరికి ఏనాడూ పోని ఆ మనిషికి ఎన్నికల గుర్తు గ్యాస్ పొయ్యి వచ్చింది. రత్నకి స్టూలు.

బడిలో పోలింగు. అట్ట పెట్టె వెనక రమణి రబ్బరు ముద్ర పట్టుకుని నిలబడింది. రహస్య బ్యాలెట్ గురించి పదమూడు మార్కుల జవాబు ఆమెకు కంఠతా వచ్చు. చెయ్యి స్టూలు దాకా వెళ్ళింది కూడా. అప్పుడు లెక్క తట్టింది. చిన్న ఊరు, తక్కువ ఓట్లు. ఎవరిదో కనిపెడతారు, బావ వదలడు, పరీక్షలు పోతాయి. ముద్ర గ్యాస్ పొయ్యి మీద పడింది. పడింది ఏమిటి, తనే వేసింది. బయటికి వచ్చాక గుమ్మం దగ్గర రత్న ఆమెను చూసి నవ్వింది. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ ముద్ద దిగడం లేదు.

పొద్దు వాలే వేళ బేబి, రమణి ఊట దగ్గరికి వెళ్ళారు. బిందె నిండి పొర్లుతున్నా బేబి తియ్యలేదు.

"ఓలె, నీకో మాట సెప్తాను, కేకలెయ్యకు."

"ఏటక్కా?"

"స్టూలు మీద గుద్దినాను."

రమణికి వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వొచ్చింది. గెలిచినవాడి పెళ్ళామే అతనికి ఓటెయ్యలేదు! కానీ బేబి కళ్ళు చూసి ఆ నవ్వు అక్కడే ఆగిపోయింది.

"నువ్వే కదేటే సదివినావు. అట్ట ఎనకాతల ఎవులు ఎవులికేసినారో కలెక్టరుక్కూడా తెల్దని. నాను సోళ్ళు సెరుగుతా అంతా ఇన్నాను. పదేళ్ళయింది నాకు పెళ్ళయి. నా ఇట్టం ఏటని ఒక్కలడగలేదు. ఆ కాగితం అడిగినట్టనిపించింది. గుద్దేసినాను." బేబి కొంగుతో ముక్కు తుడుచుకుంది. "రేపు బియ్యం పట్టుకుని అబద్దం ఎలా ఆడనే? నా పిల్లలేటయిపోవాల?"

రమణి ఏదో చెప్పబోయింది. బేబి అప్పటికే ఇంకో ఆలోచనలో పడింది.

"అది కాదే, నాకొకటి తెల్డం లేదు. మిగతా ఆడోళ్ళు మాట తప్పినారనుకో. రత్నది ఒకటి, బుధు మావది ఒకటి, నాదొకటి, నీదొకటి. నాలుగు రావాల కదా. మూడే వచ్చినాయేటి?"

పరీక్షలో ఎలాంటి ప్రశ్న వచ్చినా ఇంత కష్టంగా ఉండదు. పాఠం చదివింది తను, దాని మీద మార్కులు తెచ్చుకునేదీ తనే. కానీ నమ్మింది మాత్రం చేట పట్టుకుని పక్కన కూర్చున్న బేబి. ఓట్లు లెక్కపెట్టడంలో పొరపాటు జరిగి ఉంటుందని అనెయ్యొచ్చు. బేబి నమ్మేస్తుంది.

"నేను వెయ్యలేదక్కా" అంది రమణి.

బేబి బిందె వైపు తిరిగింది. తిడితే బాగుండును. తిట్టలేదు. నిండిన బిందె ఎత్తి జాగ్రత్తగా రమణి నెత్తి మీద పెట్టి, "సర్లే. నీకు పరీచ్చలున్నాయి కదా" అంది.

ఆ రాత్రి రమణి పుస్తకం తెరవలేదు. చదవాల్సిందంతా వచ్చు, చెయ్యాల్సిందే రావడం లేదు. తను నిజం చెబితే చాలు, ఎల్లుండి ముందు సీట్లో కూర్చుని పరీక్షకి వెళ్ళొచ్చు. కానీ తను వెయ్యలేదని చెప్పిన మరుక్షణం బియ్యం పళ్ళెం బేబి చేతికి వస్తుంది. పోనీ నేనే వేశానని మీద వేసుకుంటేనో? అదీ అబద్ధమే. పైగా బేబి చేసిన పనిని దొంగిలించినట్టవుతుంది. ఈ రెండే దారులని మామ అనుకున్నాడు. పొద్దుపోయేదాకా రమణి కూడా అలాగే అనుకుంది.

ఆదివారం పొద్దున శంకుదేవుడి రాళ్ళ దగ్గర ఇంటివాళ్ళతో పాటు ఊరు కూడా సగం చేరింది. రత్న దూరంగా, తన గడపలోనే నిలబడి ఉంది. అత్త చేతిలో, బేబి చేతిలో, రమణి చేతిలో తలా గుప్పెడు పసుపు బియ్యం పోశారు.

"సదువుకున్నదాన్నే ముందు సెప్పమనండి" అన్నాడు బుజ్జిబాబు.

"సెప్పమ్మా" అన్నాడు ఫల్గుణ.

"చెప్పను మావా."

"ఏటీ?"

"ఎవరికి ఓటేశానో చెప్పను. వేశాననీ చెప్పను, వెయ్యలేదనీ చెప్పను. అది నన్నడిగే హక్కు బావకి లేదు, మీకు లేదు."

రవిబాబు ముందుకొచ్చాడు. "పిచ్చెక్కిందేటే? ఏయలేదని సెప్పెయ్యి! అయ్యా, నాను సెప్తన్నాను, ఇది ఏయలేదు. నాకు తెల్సు!"

"నీకెలా తెలుసు? అట్ట వెనక నువ్వున్నావా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. రవిబాబు ముఖం మాడిపోయింది. అతన్ని నలుగురిలో అలా నిలబెట్టినందుకు ఆమెకు బాధేసింది, అయినా మాట వెనక్కి తీసుకోలేదు.

"అయితే రేపు జీపు లేదు, సదువూ లేదు" అన్నాడు బుజ్జిబాబు.

"మూడింటికి లేచి రోడ్డు దాకా నడుస్తాను. బస్సొస్తుంది" అంది రమణి. హాల్ టికెట్ అప్పటికే ఆమె జాకెట్టులో ఉంది.

ఫల్గుణ పెళ్ళాం వైపు తిరిగాడు. "ఇదెలాగూ సెడిపోయింది. నువ్వు సెప్పవే."

అత్త నలభై ఏళ్ళుగా ఆయన చూపించిన గుర్తు మీదే ముద్ర వేసింది. మొన్న కూడా కన్నకొడుక్కే వేసింది, అందులో ఎవరికీ అనుమానం లేదు. ఆమె రమణిని ఎగాదిగా చూసింది. తర్వాత గుప్పిట విప్పి బియ్యాన్ని పళ్ళెంలోకి జారవిడిచింది.

"సిన్నదాన్ని ఒగ్గేసి నన్నడుగుతావేటి? నానూ సెప్పను."

తనను అడిగేదాకా బేబి ఆగలేదు. తన బియ్యమూ పళ్ళెంలో పోసేసి వచ్చి అత్త పక్కన నిలబడింది. బుజ్జిబాబు ముగ్గురినీ మార్చి మార్చి చూశాడు. తల్లి, పెళ్ళాం, మరదలు, ఎవరి ముఖంలోనూ అతనికి ఏమీ దొరకలేదు. ఇక బతికినన్నాళ్ళూ ఆ ఓటు ముగ్గురిలో ఎవరిదైనా కావచ్చు, వెయ్యడానికి భయపడ్డ రమణిదైనా సరే.