ఫుల్‌బాసన్ పొలానికి ఇన్‌స్పెక్షన్

డెబ్భై తొమ్మిదిలో వానలు మొహం చాటేశాయి. ఉక్కు ప్లాంటువాళ్ళ రిసాలి క్వార్టర్ల అవతల వరి పాలు పోసుకోకముందే ఎండిపోయింది. పంట పోయిన రైతులకు సర్కారు కరువు సాయం ఇస్తుందనీ, పట్వారీ వచ్చి పొలం చూసి రాసుకుంటాడనీ కబురు వచ్చింది.

ఆ కబురు విన్నప్పటి నుంచి గౌరీదేవికి కంటి మీద కునుకు లేదు. పొలం ఆమెది కాదు, ఫుల్‌బాసన్‌ది. క్వార్టర్ల వెంట కూరలు అమ్ముకోడానికి వచ్చి, తెలుగు నేర్చుకుని, గౌరీదేవికి ఇంట్లో మనిషైపోయింది. సాయం అందకపోతే మొగుడితో నాగపూర్ ఇటుక బట్టీలకు వెళ్ళిపోతుంది.

"మళ్ళీ వస్తావేటే?"

"రాకేం అమ్మా! వానలు పడగానే."

ఆ మాట చెప్పి రైలెక్కినవాళ్ళను గౌరీదేవి చాలామందిని చూసింది. భర్త కూడా ఆసుపత్రికి వెళుతూ రేపు వచ్చేస్తానన్నాడు.

పట్వారీ రావడానికి ముందురోజు ఫుల్‌బాసన్, ఆమె మొగుడు పొలం కాగితాల నకళ్ళ కోసం దుర్గ్ కచేరీకి వెళ్ళారు. గౌరీదేవి చేతులు ముడుచుకుని కూర్చోలేకపోయింది. కొడుకు ప్లాంటు ఉద్యోగంలో చేరిన దగ్గర నుంచి ఆమె చూస్తున్నది ఒకటే. పెద్ద ఆఫీసరు ఇన్‌స్పెక్షన్‌కు వస్తే రోడ్లు ఊడుస్తారు, రాళ్ళకు సున్నం కొడతారు, చెత్త కనబడకుండా ఎత్తేస్తారు. అన్నీ శుభ్రంగా ఉంటేనే ఆఫీసరు సంతకం పెడతాడు.

పక్క క్వార్టరు కనకరత్నాన్ని వెంటబెట్టుకుని కొడవలితో పొలంలోకి దిగింది.

"ఎండిన పంట సూడ్డానికే గదా పిన్నీ ఆయన వస్తున్నాడు?"

"ఈ దరిద్రం సూస్తే ఈళ్ళకి సేద్యం సేతకాదనుకోడా? మాటలాపి కొయ్యి!"

చీకటిపడేసరికి ఎండుగడ్డి అంతా పశువుల ముందు పడింది. గట్టు మీది రాళ్ళు తెల్లగా మెరిశాయి. ఓ మూల కొంచెం మాత్రం కోతకు మిగిలిపోయింది.

మర్నాడు పట్వారీ సైకిలు దిగి పొలం కేసి చూశాడు. "కోతలైపోయాయన్నమాట. పంట ఇంటికి చేరాక ఇంక సాయం దేనికి?"

అప్పుడే దుర్గ్ నుంచి వచ్చిన ఫుల్‌బాసన్ గుండెలు బాదుకుంది. "అమ్మా! ఏటి సేసినావు?"

గౌరీదేవికి అదేమీ చెవికెక్కలేదు. ఆమె దృష్టంతా ఆ మిగిలిపోయిన మూల మీదే ఉంది. దానికి అడ్డంగా నిలబడి, కొంగు రెండు చేతులా చాచి పట్టుకుంది.

"మాతాజీ, మీ వెనక ఏమిటది?"

"కుచ్ నహీ బాబూ! కచరా, సెత్త. టైము సాల్లేదు."

"జరగండి."

"సూడకు బాబూ, సిగ్గుసేటు!"

ఫుల్‌బాసన్ ఒక్క పరుగున వచ్చి ఆమెను రెక్క పట్టి పక్కకు లాగింది. మోకాలెత్తు ఎండు వరి. పట్వారీ నాలుగు వెన్నులు తుంచి, అరచేతిలో నలిపి ఊదాడు. అంతా గాలికి లేచిపోయింది. చేతిలో ఒక్క గింజ మిగల్లేదు. అవతలి పొలాల్లోనూ అంతే. ఆయన సున్నం కొట్టిన రాళ్ళను, కొంగు చాచిన ముసలమ్మను మార్చి మార్చి చూసి, పడీపడీ నవ్వాడు.

"మాతాజీ, ఇంకాస్త టైము దొరికుంటే వీళ్ళ కొంప ముంచేసేవారే!" అంటూ పంట పూర్తిగా పోయిందని రాసుకున్నాడు.

అప్పటికి గాని గౌరీదేవికి తను చేసిన పనేమిటో తెలియలేదు. గట్టు మీది రాయి మీద కూలబడింది. రాతి సున్నమంతా చీరకు అంటుకుంది.

"లే అమ్మా, నీక్కూడా సున్నం కొట్టేసినారు!" అని ఫుల్‌బాసన్ ఏడుపు మొహంతోనే నవ్వేసింది.

సాయం డబ్బు అందిందని తెలిసినా గౌరీదేవి మనసు కుదుటపడలేదు. ఎండలో నడుచుకుంటూ ఫుల్‌బాసన్ ఇంటికి వెళ్ళింది.

"ఎల్లిపోవుగదా?"

"ఎక్కడికెల్తాం? వచ్చే ఏటికి విత్తనాలు కొనేసినాం."

"ఏవీ? సూపించు."

ఫుల్‌బాసన్ మూలనున్న బస్తా మూతి విప్పింది. గౌరీదేవి మణికట్టు దాకా చెయ్యి పెట్టింది. వడ్లు చల్లగా, బరువుగా వేళ్ళ మధ్య సర్దుకున్నాయి. ఎంతకీ చెయ్యి తియ్యదే!

"తియ్యమ్మా," అంది ఫుల్‌బాసన్ నవ్వుతూ, "అవి అక్కడే మొలకెత్తేస్తాయి!"