కడిగిన బండి

2018 నవంబరు 4, ఆదివారం. ఆ మధ్యాహ్నం మా పిన్ని కూతురు ఇన్‌గ్రిడ్ ఇంట్లో మాంసపు ఉండల కూర, ఉడికించిన క్యారెట్లు, ఆఖర్న వెన్న రాసి పంచదార చల్లి చుట్టిన బంగాళాదుంప రొట్టెలు తిన్నాను. చాలన్నా వినకుండా ఆవిడ ఇంకొకటి వేసింది. అదీ తిన్నాను. అంత తృప్తిగా భోంచేస్తున్న వేళకి మా ఊళ్ళో నన్ను చచ్చినవాళ్ళలో కలిపేసి, నా చావు భోజనానికని హామ్, అదే పందితొడ మాంసం, కూడా ఫ్రీజర్లోంచి తీసి బయట పెట్టేశారని నాకేం తెలుసు?

ఆ కోపం ఇంకా పూర్తిగా చల్లారలేదు. అందుకని మొదట్నుంచీ చెబుతాను.

మా హాల్విగ్‌లో మనిషిని ముఖం చూసి గుర్తుపట్టరు, బండిని చూసి గుర్తుపడతారు. ఎదురుపడితే స్టీరింగ్ మీంచి ఒక వేలు పైకెత్తుతారు. అంతే పలకరింపు. చలికాలం ఆరు నెలలు అద్దాల మీద మంచు పేరుకుని, టోపీలు చెవుల దాకా దిగిపోయి ఉండే ఉత్తర డకోటాలో ముఖం ఎవడికి కనిపిస్తుంది కనుక! నా బండి వెలిసిపోయిన నీలిరంగు పికప్. పెద్దది. జిల్లా భూసార శాఖలో ఉద్యోగం చేసే రోజుల్లో పొలాల్లో తిరగడానికి కొన్నాను. దాని వెనక తొట్టి నిండా ఎనిమిదడుగులు. ఈ కాలపు రైతులు ముందు నాలుగు తలుపులు కావాలని వెనక తొట్టిని కురచ చేసుకున్నారు. మా చర్చి భోజనాల బల్లలేమో ఎనిమిదడుగులవి, చర్చిలో చోటు చాలక ఊరి చివర కొట్టంలో ఉంటాయి. అవి వెల్లకిలా పడుకుంటే వెనక తలుపు మూసుకునే బండి ఊళ్ళో నాదొక్కటే మిగిలింది.

దాంతో పెళ్ళికీ చావుకీ బల్లలు నా బండిలోనే. పక్కింటి డెల్మర్ ఫ్రిజ్జు నా బండిలోనే. చర్చి వంటగదికి పెద్దదిక్కయిన ఆర్డిస్ వాళ్ళ పియానో నా బండిలోనే. వేటకెళ్ళినవాడికి దుప్పి దొరికితే మొదటి ఫోను వాడి పెళ్ళానికి, రెండోది నాకు. నేనెప్పుడూ కాదనలేదు. నా భార్య లవోన్ ఉన్నన్నాళ్ళూ, "పోనీలే, అడిగేవాళ్ళున్నారు, అదే పదివేలు" అనేది. ఆ మాట నిజమే.

లవోన్‌కి జబ్బు చేశాక వారం వారం సిటీ ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సి వచ్చింది. ఆ బండి సీటు ఆవిడ నడుము కంటే ఎత్తు. రెండు చేతులా ఎత్తి కూర్చోబెట్టేవాణ్ణి. మొదటిసారి పెళ్ళికూతుర్లా నవ్వింది. ఆఖరిసారి నవ్వలేదు. బెల్టు పెడుతుంటే నా చెయ్యి పట్టుకుని, "నన్ను నువ్వెత్తుతున్నావు. నీ వంతొచ్చినప్పుడు నిన్నెవరెత్తుతారు? కిందికుండే బండి కొనుక్కో ఆర్విన్" అంది. ఆ మాట అప్పుడు విననట్టు ఊరుకున్నాను. ఆవిడ పోయిన ఏడాదికి నా ఎడమ మోకాలు ఆ మాట గుర్తుచెయ్యడం మొదలుపెట్టింది.

అదీ సంగతి. పెద్ద పికప్ ఇచ్చేసి మధ్యరకం పికప్ ఒకటి తీసుకోవాలా వద్దా? తీసుకుంటే సీటు ఎక్కగలను. ఇంకో సుఖం కూడా ఉంది. మా గ్యారేజీ పాతకాలపుది. పెద్దది అందులో పట్టేది కాదు, జానెడు బయటికొచ్చేది. అందుకని దాన్ని ఎప్పుడూ వాకిట్లోనే నిలిపి, ఇంజను గడ్డకట్టకుండా కరెంటు తీగ తగిలించి, పొద్దున్నే అద్దాల మీద మంచు గీకేవాణ్ణి. చిన్నదైతే లోపలికి పోతుంది.

ఇందులో ఊరికి ఏం నష్టం? ఏమీ లేదనుకున్నాను. కాఫీ హోటల్లో మాట బయట పెట్టిన మరుక్షణం తెలిసొచ్చింది.

"ఏరా, బొమ్మ కొనుక్కుంటున్నావట?" అన్నాడు డెల్మర్. "తాళం తిప్పి నడుపుతారా, లేక వెనక్కి లాగి వదిలేస్తే అదే పోతుందా?"

"సీటు కిందికుంటుందిరా" అన్నాను.

"నేలమీద కూర్చుంటే ఇంకా కిందికుంటుంది. మగాడన్నాక పికప్పంటే పికప్‌లా ఉండాలి."

ఈ డెల్మర్ నడిపేదేమిటో తెలుసా? వాళ్ళ అత్తగారు వదిలిపోయిన చిన్న కారు. వెనకద్దం దగ్గర ఆవిడ అల్లిన కుషను ఇంకా అలాగే ఉంది. వాడి జన్మలో వాడికి పికప్పన్నదే లేదు. నాది ఉండగా వాడికెందుకు?

ఆ హోటల్లోనే పనిచేసే ఆర్డిస్ కాఫీ పోస్తూ, "నీ బండి, నీ ఇష్టం ఆర్విన్. మధ్యలో మేమెవరం? కానీ మరి బల్లల సంగతేమిటి?" అంది.

"రెండడుగులు బయటికి వస్తాయి. తాడు కట్టుకోవచ్చు."

"మంచు పడుతుంటే, తలుపు తీసిపెట్టుకుని, తాడు కట్టుకుని. సరేలే. మన చర్చి బల్లలు దారిపొడుగునా జనానికి నాలుక చూపించుకుంటూ పోతాయన్నమాట."

పక్క బల్లలవాళ్ళు కూడా నవ్వారు. వారం రోజులు ఇదే వరస. పోస్టాఫీసులో ఒకరు, గింజల కొట్టు దగ్గర ఒకరు. బండి ఇచ్చేయొద్దని చెప్పినవాళ్ళలో ఎనిమిదడుగుల తొట్టి ఉన్నవాడు ఒక్కడూ లేడు. ఆర్విన్‌కి ఏ బండి కావాలో ఊరందరికీ తెలుసు, ఆర్విన్‌కి తప్ప.

శుక్రవారం బండ్ల వ్యాపారి రిక్ దగ్గరికెళ్ళాను. కుర్రాడు మర్యాదస్తుడు. "ఈ చిన్నదాన్ని శని ఆదివారాలు నడిపి చూడండి ఆర్విన్ గారూ. నచ్చకపోతే సోమవారం మీ బండి మీకే. ఈలోగా పెద్దది ఇక్కడుంటే చూసి విలువ కడతాను" అన్నాడు. సరేనన్నాను. చిన్నదాంట్లోకి మోకాలు చప్పుడు చెయ్యకుండా ఎక్కాను. ఆ ఆనందంలో ఫోను పెద్దదాని సొరుగులో మర్చిపోయాను. శనివారం పొద్దున్నే ఇన్‌గ్రిడ్ ఊరికి బయల్దేరాను. మూడు గంటల దారి, బండి ఎలా పోతుందో తెలుస్తుందని.

ఆదివారం తిరిగొస్తుంటే ఊరి పొలిమేర దగ్గర డాక్టరు గారి బండి ఎదురైంది. వేలెత్తాను. ఆయన ఎత్తలేదు. తర్వాత బడి బస్సు నడిపే ఆవిడ. ఎత్తలేదు. తర్వాత మా గడ్డిమోపుల లార్స్, నేను ఎన్నిసార్లు మంచు గుంటలోంచి లాగానో లెక్కలేనివాడు, సూటిగా నా ముఖంలోకి చూస్తూ రాయిలా వెళ్ళిపోయాడు. నలభై ఏళ్ళుగా వీళ్ళంతా దండం పెట్టింది రేకుడబ్బాకన్నమాట! ఒళ్ళు మండిపోయింది.

చర్చి ముందు చూస్తే, ప్రార్థన ఎప్పుడో అయిపోయినా, కార్లు బారులు తీరి ఉన్నాయి. పొద్దున రాలేకపోయాను కదా, ఏమిటో కనుక్కుందామని వెనక మెట్లు దిగి నేలమాళిగ వంటగది వైపు వెళ్ళాను. తలుపు ఓరగా ఉంది.

"నేను కళ్ళారా చూశాను" డెల్మర్ గొంతు. "నిన్న సాయంత్రం, కొట్టు మూసేశాక. రిక్ వాకిట్లో ముందు వరసలో నిలబెట్టారు. కడిగి ఉంది."

"కడిగా!" అన్నారెవరో.

"తళతళలాడుతోంది. చక్రాలతో సహా. వాడు బతికుండగా ఆ బండిని కడిగాడా ఎప్పుడైనా?"

"అయ్యో, ప్రభువా."

"ఇంట్లో దీపం లేదు. ఫోను చేశాను. అద్దానికి చెవి ఆనించి విన్నాను, బండిలోనే మోగుతోంది. ఇవాళ చర్చికీ రాలేదు. వాళ్ళ అన్న కొడుకెవడో వచ్చి అమ్మకానికి పెట్టేసుంటాడు. ప్రాణముండగా ఆర్విన్ ఆ బండి ఇచ్చేవాడు కాదు."

ఆదివారం మా రాష్ట్రంలో బండ్ల కొట్లు తెరవరు. కొట్టు తెరిచుంటే రిక్‌ని ఒక్క మాట అడిగి తెలుసుకునేవాళ్ళు. రిక్ ఇంటికి వెళ్ళి తలుపు కొట్టొచ్చు కదా అంటే, ఆదివారం పూట మనిషిని ఇబ్బంది పెట్టడం మావాళ్ళకి చేతకాదు. చావు కబురైనా సోమవారం దాకా ఆగాలి. అందుకని పాస్టర్ గారిని వివరం కనుక్కోమని సిటీ ఆసుపత్రికి పంపి, వీళ్ళు వంట మాటల్లో పడ్డారు.

"బుధవారం అనుకుందాం" అంది ఆర్డిస్. "హామ్ తీసి బయట పెట్టేశాను. బన్నులు, దోసకాయ పచ్చడి, కాఫీ. లవోన్‌కి చేసినట్టే చేద్దాం. అన్నీ బానే ఉన్నాయి గానీ... బల్లలు?"



"బల్లలు ఆర్విన్ బండిలోనే కదా తెచ్చేది" అన్నారెవరో.

"ఆర్విన్ పోయాడుగా."

"బండి పోలేదుగా" అన్నాడు డెల్మర్. "రిక్‌ని ఒక్క పూటకి అడుగుదాం."

తలుపు తోసుకుని లోపలికెళ్ళాను.

ఆర్డిస్ చేతిలోని పళ్ళెం వదిలేసింది. డెల్మర్ లేచి నిలబడి, ఏం చెయ్యాలో తెలియక టోపీ తీశాడు. నా ఆత్మకే గౌరవం ఇస్తున్నాడనుకుంటాను.

"నువ్వు..." అన్నాడు. "నువ్వు కాలినడకన వచ్చావా?"

"బొమ్మ మీద వచ్చాను" అన్నాను. నేను గొంతు పెంచే మనిషిని కాదు. ఆవేళ పెరిగింది. "నా చావు భోజనానికి కూడా బల్లలు నేనే మొయ్యాలా? పెట్టెలో పడుకుని స్టీరింగ్ పట్టుకోమంటారా, లేక పెట్టెని బల్లల మీదే పెట్టి ఒకే విడతలో కానిచ్చేద్దామనా?"

"అదికాదు ఆర్విన్—"

"ఉండమ్మా ఆర్డిస్. వారం రోజులుగా ప్రతివాడూ బల్లలెలా, ఫ్రిజ్జెలా, దుప్పెలా అని అడిగాడు. నువ్వా సీటెలా ఎక్కుతున్నావని ఒక్కడు అడిగాడా? లవోన్ని ఎత్తి కూర్చోబెట్టాను. అప్పుడే చెప్పింది, కిందికుండేది కొనుక్కోమని. ఆవిడ చివరగా నన్నడిగింది అదొక్కటే. అది చేద్దామంటే ఊరంతా నవ్వారు. ఇందాక దారిలో ముగ్గురు ఎదురయ్యారు, ఒక్కడి వేలు లేవలేదు. ఇన్నేళ్ళూ పలకరించింది నన్నా, ఆ రేకునా?"

పొయ్యి మీద కాఫీ పాత్ర గుడగుడమంటోంది. అప్పుడు చూశాను, ఆర్డిస్ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆ గదిలో ఉల్లిపాయలు లేవు. కోపం సగం దిగిపోయింది. మిగతా సగం పోకుండా గట్టిగా పట్టుకున్నాను.

"పాల డబ్బాలు పెట్టుకునే పెట్టె" అన్నాడు డెల్మర్, టోపీ వైపు చూస్తూ. "ఎర్రది. దాని మీద నిలబడి ఎక్కుతావు. తాడు కట్టావు దానికి. కూర్చున్నాక తాడు పట్టి పైకి లాక్కుంటావు. మా వంటింటి కిటికీలోంచి రోజూ చూస్తాను."



"చూసి కూడా అడగలేదేరా?" అన్నాను.

"అడిగితే నీకు సిగ్గేస్తుందని."

"బొమ్మ అని నవ్వితే సిగ్గెయ్యదా?"

"అది వేరు" అన్నాడు. తర్వాత నెమ్మదిగా, "మరి నువ్వా బండి ఇచ్చేస్తే నాకు అరువెవడిస్తాడు?"

"నువ్వే కొనుక్కో!" అన్నాను. "నీ మోకాళ్ళు బాగున్నాయి. మగాడన్నాక పికప్ ఉండాలన్నది నువ్వే. రేపు పొద్దున రిక్ దగ్గరికి రా. నా బండి వేరేవాడికి పోవడానికి వీల్లేదు. బల్లలకి పిలిస్తే కాదనడానికీ వీల్లేదు. ఇంజను తీగ రాత్రిళ్ళు మర్చిపోవడానికి అసలే వీల్లేదు."

"మా ఆవిడ ఏమంటుందో—"

"మీ ఆవిడ ఇక్కడే ఉంది" అంది మూలనుంచి వాళ్ళావిడ. "మా అమ్మ కుషను కారులోంచి తీస్తే మాత్రం ఊరుకోను. మిగతాది మీ ఇష్టం."

ఆర్డిస్ ముక్కు చీదుకుని హామ్ మీది గుడ్డ తీసింది. "ఇదంతా కరిగిపోయింది. మళ్ళీ ఫ్రీజర్లో పెట్టడానికి లేదు. కూర్చో ఆర్విన్. నీ భోజనమే కదా, నువ్వే మొదలుపెట్టు."

కోపంగానే కూర్చున్నాను. కోపంగానే రెండు బన్నులు తిన్నాను. దోసకాయ పచ్చడి బాగుంది. లవోన్‌కి చేసినట్టే చేద్దాం అన్న మాట గుర్తొచ్చి మూడోది అడిగి పెట్టించుకున్నాను.

సోమవారం పని అయిపోయింది. రిక్ చిన్నదాన్ని నాకూ, పెద్దదాన్ని డెల్మర్‌కీ రాసిచ్చాడు. ఇంకోసారి ఎవరిదైనా బండి కడిగేముందు ఊరికి చెప్పమని వాడికి గట్టిగానే చెప్పాను. సొరుగులోంచి ఫోను తీసుకున్నాను. సీటు కిందనుంచి ఎర్రపెట్టె తీసుకోబోతే డెల్మర్, "అదుండనీ" అన్నాడు. "నాకూ రేపోమాపో."

మరి పలకరింపుల సంగతా? ఇప్పటికీ వేళ్ళు లేచేది ఆ నీలిరంగు బండికే. డెల్మర్ గవర్నరులా రెండు వైపులా అందుకుంటూ పోతున్నాడు. నాకు మంటగానే ఉంది. లార్స్ మాత్రం గురువారం నన్ను దాటిపోయి, వంద గజాలవతల బ్రేకు వేసి, అద్దం దించి, చెయ్యి మొత్తం బయటపెట్టి ఊపాడు. వంక పెట్టడానికి లేదు.

ఆ సాయంత్రం వెలుగు పోతుండగా మొదటి గట్టిమంచు మొదలైంది. చిన్నబండి గ్యారేజీలో ఉంది. లవోన్ తోటపని పార గోడకి వేలాడుతోంది, దానికీ బండికీ మధ్య మనిషి నడిచేంత చోటు మిగిలింది. పొద్దున గీకడానికి అద్దం మీద ఏమీ ఉండదు. దీపం వెయ్యకుండా వంటింటి కిటికీ దగ్గర కూర్చుని సూప్ తాగుతున్నాను. లోపల బండి పెట్టే అలవాటు ఏనాడూ లేనివాణ్ణి కదా, గ్యారేజీ తలుపు వెయ్యాలన్న ధ్యాసే రాలేదు.

డెల్మర్ వాళ్ళ వాకిట్లో నీలిరంగు బండికి తీగ తగిలిస్తూ ఆగాడు. మా గ్యారేజీ వైపు చూశాడు. మంచులో అడుగులేసుకుంటూ మా వాకిట్లోకి వచ్చాడు. ఆ తలుపు పాతది, చేత్తో లాగాలి, వదిలేస్తే ఊరంతా లేచేంత చప్పుడు చేస్తుంది. వాడు రెండు చేతులా పట్టుకుని, చంటిపిల్ల ఊయల ఆపినట్టు, చప్పుడు కాకుండా కిందికి దించాడు. గడియ వేశాడు. మా కిటికీ వైపు చూడలేదు.

నేనూ చూసినట్టు చెప్పను.