పీపా తలుపు కొలత

పొద్దున రొట్టెకి వెన్న రాసుకుంటున్న నా కూతురి వెనక నిలబడి, మామగారు కొలకర్రని దాని భుజాల మీద అడ్డంగా పెట్టి చూశారు. వంటింటి తలుపు పక్కన మేకుకి వేలాడే కర్ర అది. నేలమాళిగలో మా పెద్ద వైన్ పీపాకి ముందువైపు, అడుగున, ఒక చిన్న తలుపు ఉంటుంది. ఆ తలుపు ఎంత వెడల్పో ఈ కర్ర అంత పొడవు. లియోనీ భుజాలు కర్రకి లోపలే ఉన్నాయి.

"సరిపోయింది పిల్ల! వచ్చే ఏడు నుంచి ఇదే దూరుతుంది పీపాలోకి. వాళ్ళమ్మకి ఒళ్ళొచ్చేసింది" అన్నారు మా మామగారు ఒనెజిమ్. అంటూనే దాని పళ్ళెంలోని చీజ్ ముక్క తీసి తన పళ్ళెంలో వేసుకున్నారు. "ఇప్పట్నుంచే కాస్త నోరు కట్టుకోవే తల్లీ."

నా భర్త ఫిర్మెన్ నవ్వాడు. లియోనీ నవ్వలేదు. వెన్న రాసిన రొట్టెని రెండుగా తుంచి, సగం మళ్ళీ బుట్టలో పెట్టేసింది. ద్రాక్ష కోతలు దగ్గర పడ్డాయి, పీపా కడగాలి. బకెట్టూ బ్రష్షూ పట్టుకుని కిందికి దిగిపోయాను.

ముందు కొవ్వొత్తి లోపలికి పంపాలి. మంట నిలబడితే లోపల గాలి మంచిదే. తర్వాత ఒక చెయ్యి, ఆ చేతి వెనకే తల, ఊపిరంతా వదిలేసి ఒకవైపుకి ఒరిగించిన భుజాలు, చివరికి నడుము. లోపలికి చేరాక సగం వంగి నిలబడొచ్చు. గోడల నిండా వైన్ వదిలివెళ్ళిన గార పేరుకుని ఉంటుంది. కొవ్వొత్తి కదిలితే ఆ గారంతా మిలమిలలాడుతుంది. పాత తేనె వాసన, పీపా చేసిన లార్చ్ చెట్టు చెక్క తడి వాసన. నేను సన్నగా ఏదైనా కూనిరాగం తీస్తే పీపా మొత్తం నాతోపాటు పాడుతుంది. చెప్పడానికి సిగ్గుగానే ఉంది గానీ, నాకు అక్కడ ఇష్టం. ఈ ఇంట్లో ఎవరూ నా వెనకే రాలేని చోటు అదొక్కటే. బ్రష్షు దానంతటదే ఆగిపోతుంది. కొండ గాలి వీస్తున్నట్టు ఉంటుంది, మెట్లు మెట్లుగా మా తోటలు మంచు దాకా ఎక్కిపోతున్నట్టు, వాటి పక్కనే కాలవ నీళ్ళు నాతో ఏదో చెబుతున్నట్టు. ఒకసారైతే అలా కలగంటుంటే పీపా కట్టు తెంచుకుని రోన్ నదిలోకి జారిపోయింది. నేను పీపా పైనుండే కన్నంలోంచి తల బయటపెట్టి, ఊళ్ళన్నీ దాటుకుంటూ, ఎవరికీ వంట చెయ్యకుండా పోతున్నాను. ఎక్కడికని ఎవరూ అడగలేదు.

ఆ కలల కోసం నేను కట్టిన వెల మాత్రం కలలో కట్టింది కాదు. పెళ్ళికి నన్ను చూడ్డానికి వచ్చినరోజే ఫిలోమెన్ అత్తయ్య "మొహం బానే ఉందిలే, ఇటు తిరుగు, భుజాలు చూడనీ" అని ఈ కర్రే పట్టుకుంది. ఆవిడా తన కాలంలో దూరినావిడే. లియోనీ పుట్టిన తర్వాత నా నడుముకి కర్ర పెట్టి పెదవి విరిచింది. "కాన్పైతే మాత్రం ఇంత ఒళ్ళు చెయ్యాలా? ముగ్గుర్ని కన్నాను, నేను దూరలేదూ? తలుపు పెద్దదవదమ్మా, నువ్వే చిన్నదానివవ్వాలి." ఆ రోజు నుంచి నాకు సూప్ కుండ పైనుంచి వడ్డించేది, పల్చగా. కరిగిన చీజ్ అందరి పళ్ళాల్లోకి గీకి వేశాక, ఉత్త బంగాళాదుంప నా దగ్గరకి వచ్చేది. ఆవిడ పోయాక కూడా నాకు నేనే అలా వడ్డించుకున్నాను. "మా ఆవిడ పిట్ట తిండి తింటుంది" అని ఫిర్మెన్ అందరికీ గొప్పగా చెప్పేవాడు. నాకూ అది నా స్వభావమే అనిపించేది. ఎవరైనా ఇంకాస్త తినమంటే, "నాకు పెద్దగా ఆకలి వెయ్యదండీ" అనేదాన్ని.

పీపా మీద ఎవరో వేలితో తట్టారు.

"మార్సెలీన్!" తలుపు దగ్గర ఫిర్మెన్ గుసగుస. "జెనీవా నుంచి వైన్ కొనేవాళ్ళొచ్చారు. ఆ తడిబట్టల్తో బయటికి రాకు, బాగోదు. కాసేపు చప్పుడు చెయ్యకుండా కూర్చో."

కూర్చున్నాను. గ్లాసుల చప్పుడు వినిపించింది. "ఈ పీపా మా ముత్తాత చేయించింది" అంటున్నాడు ఫిర్మెన్. "ముందువైపు చెక్కినవన్నీ మా ఇంటి మగవాళ్ళ పేర్లే. మా చేతులు తప్ప దీనిమీద ఇంకో చెయ్యి పడలేదు." ఆ మాటలో అబద్ధమేమీ లేదు. నా చేతులు పడింది లోపల.

"మరి ఈ బుల్లి తలుపేంటండీ?" అనడిగింది ఎవరో ఆవిడ.

"అదా? కడగడానికి. మా ఆడవాళ్ళు దూరతారు" మామగారి గొంతు. "ఇదిగో, మా మనవరాలికి కొలిచినట్టు సరిపోయింది. చీజ్ పళ్ళెం పట్టుకునే ఇలా తిరగవే లియోనీ, పైనుంచి కర్ర తెచ్చాను, పెట్టి చూపిస్తాను."

"అబ్బ, ఎంత నాజూగ్గా ఉందో! ఇంత సన్నగా ఉండాలంటే ఏం తింటావమ్మా?"

నా కూతురు చెప్పింది. "నాకు పెద్దగా ఆకలి వెయ్యదండీ."

నా మాట. నా గొంతే. పొద్దున సగం రొట్టె బుట్టలో పెట్టేసిన పిల్ల. కొవ్వొత్తి ఆర్పి, తలుపులోంచి చెయ్యి బయటపెట్టాను. జెనీవా ఆవిడ కెవ్వుమంది. భుజాల దగ్గర ఇరుక్కుపోయాను. లియోనీ పళ్ళెం కింద పెట్టేసి నా చెయ్యి పట్టుకుని, కాలు పీపాకి తన్నిపెట్టి లాగింది. జుట్టు నిండా గారతో, నీళ్ళోడుతూ లేచి నిలబడ్డాను.

"నీకేం చెప్పాను?" ఫిర్మెన్ పళ్ళు నూరాడు.

నేను మామగారి చేతిలోంచి కర్ర తీసుకున్నాను. ఆయన వదల్లేదు, లాక్కున్నాను. ఫిర్మెన్ వెనక్కి వెళ్ళి అతని భుజాల మీద అడ్డంగా పెట్టాను. రెండు వైపులా భుజాలు కర్ర దాటి బయటికొచ్చాయి.

"పీపాలు చేసే వడ్రంగికి కబురు పెట్టు ఫిర్మెన్. తలుపు నీ భుజాలు పట్టేంత కోయించు. వచ్చే ఏడు దూరేది నువ్వు."

"మతిపోయిందా నీకు? పిల్ల ఉండగా..."

"పిల్ల దూరదు."

జెనీవా ఆవిడ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నేను కింద ఉన్న పళ్ళెం తీసి, అందులో అన్నిటికంటే పెద్ద చీజ్ ముక్క లియోనీ చేతిలో పెట్టాను. అది తాతవైపు చూడలేదు, కొరికింది. రెండోది నేను తీసుకున్నాను.

"క్షమించండి" అన్నాను ఆవిడతో. "మాకు చాలా ఆకలిగా ఉంది."